కోడీ కుంపటీ పుట్టుమచ్చా

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు నీళ్ళు పోసే ఆవిడ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లను బోర్లా వేసుకుని రెండు చెంబులు పోసింది. మూడో చెంబు గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మాయిగోరూ, పిల్లను ఎవరన్నా జారవిడిచారేంటండీ? నడుం కింద ఇంత మేర కమిలిపోయింది!"

అంతే. వంటింట్లోంచి అమ్మ, హాల్లోంచి పెద్దమ్మ, ఎదురింట్లోంచి మామ్మగారు, ఫోన్లోంచి మా అత్తగారు ఒకేసారి హాజరయ్యారు. మచ్చ నా అరచేయంత ఉంది. చొక్కా జేబులో పెన్ను కక్కితే బట్టలోకి ఇంకిన మరకలా మధ్యలో ముదురు నీలం, అంచుల్లో బూడిద రంగు. వాపు లేదు, నొక్కితే ఏడుపు లేదు. పిల్ల హాయిగా కాళ్ళు తన్నుకుంటోంది. కానీ అప్పటికే దర్యాప్తు సంఘం కొలువుదీరింది. ముద్దాయిని నేను.

మొదటి ప్రశ్న గ్రహణం. గ్రహణం వేళ కడుపుతో ఉన్న మనిషి ఎక్కడ గోక్కుంటే బిడ్డకు అక్కడ మచ్చ పడుతుందన్నది మన ఇళ్ళలో న్యూటన్ సూత్రాల కంటే గట్టి సూత్రం. పంచాంగం తిరగేశారు. నా తొమ్మిది నెలల్లో మన వైపు పట్టింపు ఉన్న గ్రహణం ఒక్కటీ లేదు. నేను ఊపిరి పీల్చుకునేలోగా పెద్దమ్మ మనవడు ఫోన్లో వెతికి, 2016 సెప్టెంబర్ 16 రాత్రి ఉపచ్ఛాయ చంద్రగ్రహణం ఒకటి పట్టుకొచ్చాడు. చంద్రుడు భూమి అసలు నీడ జోలికి పోకుండా, పక్కనున్న పల్చటి నీడలోంచి నడిచిపోయే గ్రహణం అది. కళ్ళు చికిలించి చూసినా తేడా తెలియదు. సిద్ధాంతులే దాన్ని లెక్కలోకి తీసుకోరు. పట్టుస్నానం లేదు, విడుపుస్నానం లేదు. మా ఇంట్లో మాత్రం సాక్ష్యంగా స్వీకరించారు. ఆ రాత్రి నువ్వు నడుం గోక్కున్నావా లేదా? సెప్టెంబరు నెల, దోమల కాలం, నాలుగో నెల కడుపు. గోక్కోలేదని దేవుడి పటం ముందు చెప్పగలనా? చెప్పలేకపోయాను. నేరం రుజువైంది.

ఈ దేశంలో ఏటా రెండు కోట్ల పైచిలుకు కాన్పులు జరుగుతాయి. ఏ రాత్రి లెక్క తీసినా కోటిన్నర మందైనా కడుపుతో ఉంటారు. గ్రహణం పట్టిన మూడు గంటలూ ఒంటి మీద ఎక్కడా గోక్కోని మహాతల్లి అందులో ఒక్కతైనా ఉంటే ఆవిడకు గుడి కట్టాలి. గోకుడుకీ మచ్చకీ నిజంగా లంకె ఉంటే ప్రతి గ్రహణం తరవాతా మన పిల్లలు చుక్కల లేళ్ళలా పుట్టాలి.

రెండో ప్రశ్న, నల్లటి నేరేడు పళ్ళు తిన్నావా అని. మూడోది, కుంకుమపువ్వు పాలు మానేసిన సంగతి. అవి వాంతికొస్తున్నాయని మానేశాను. అదీ నమోదైంది. తల్లిని బోనెక్కించే ఈ అలవాటు మన ఒక్కళ్ళదే అనుకోకండి. ఇటలీ వాళ్ళు పుట్టుమచ్చను 'వోల్యా' అంటారు. ఆ మాటకు కోరిక అని అర్థం. కడుపుతో ఉండగా తినాలనుకున్నది దొరక్క తల్లి ఎక్కడ చెయ్యి పెట్టుకుంటే బిడ్డకు అక్కడ మచ్చట. తల్లి ఊహలకూ బిడ్డ ఒంటి మీది గుర్తులకూ సంబంధం లేదు మహాప్రభో అని లండన్లో జేమ్స్ బ్లాండెల్ అనే వైద్యుడు 1727లోనే పుస్తకం రాశాడు. మా పెద్దమ్మ దాకా ఆ పుస్తకం ఇంకా రాలేదు.

పిల్లల డాక్టరుగారు చూసి, మంగోలియన్ స్పాట్ అంటారమ్మా, మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది, ఏమీ చెయ్యకండి, మూడు నాలుగేళ్ళలో పోతుంది అన్నారు. పేరే అది, మంగోలియాతో మన వంశానికి చుట్టరికమేమీ లేదు. జపాన్లో పనిచేసిన బెల్జ్ అనే జర్మన్ డాక్టరు 1885లో తగిలించిన పేరు. రంగునిచ్చే కణాలు బిడ్డ కడుపులో ఉండగానే వెన్ను వైపు నుంచి బయల్దేరి చర్మం పైపొరకు చేరాలి. కొన్ని దారిలో లోపలి పొరలోనే ఉండిపోతాయి. లోతున ఉన్న నలుపు పైనుంచి చూస్తే నీలంగా కనిపిస్తుంది. తరవాత అవి వాటంతటవే సద్దుమణుగుతాయి. కథ ఇంతే.

కానీ 'ఏమీ చెయ్యకండి' అన్న మందు మా ఇంట్లో ఎవరికీ అరగదు. ఫీజు తీసుకుని సిరప్ రాయని డాక్టరు డాక్టరేనా? అమ్మ శనగపిండిలో పసుపు కలిపింది. అత్తగారు ఫోన్లోనే పెసరపిండి, పాలమీగడ, ఎండబెట్టిన నారింజ తొక్కల పొడి అంటూ పాళ్ళు చెప్పారు. మామ్మగారిది ఆముదం. పెద్దమ్మది వెన్న. నీళ్ళు పోసే ఆవిడది బొటనవేలి బలం. నాలుగో రోజుకు మచ్చ చుట్టూ ఎర్రటి దద్దురు లేచింది. పైన పసుపు, కింద నీలం, చుట్టూ ఎరుపు. వారం కింద వచ్చిన పిల్ల అప్పటికే హోలీ ఆడి వచ్చినట్టుంది.

ఇక్కడో చిత్రం చెప్పాలి. ఒంటికి ఇంత సేపు నలుగు పెట్టి, సాంబ్రాణి వేసి, పొత్తిళ్ళలో చుట్టి, ఆఖరున అమ్మ కాటుక డబ్బా తీసేది. బుగ్గ మీద ఒకటి, అరికాల్లో ఒకటి, నుదుటి మూల ఇంకొకటి. దిష్టి చుక్కలు. దేవుడు ఉచితంగా అరచేయంత చుక్క పెట్టి పంపితే దాన్ని తోమి తోమి మాపబోతాం, ఆ చేత్తోనే పక్కన రూపాయి కాసంత చుక్క మనం పెడతాం. ఈ ముక్క అంటే, "అది ఇదీ ఒకటేనా, బాలింతవి, నోరు మూసుకుని పడుకో" అంది అమ్మ.

ఆ మధ్య ఒక నూనె సీసా కూడా వచ్చింది వాట్సాపులో. వాడకముందు, వాడిన తరవాత అని రెండు ఫోటోలు. మొదటి దాంట్లో ఆరు నెలల బిడ్డ, రెండో దాంట్లో మూడేళ్ళ బిడ్డ. మధ్యలోని రెండున్నరేళ్ళను ఎవరు సరఫరా చేశారో సీసా మీద రాయలేదు.

పిల్ల మూడో పుట్టినరోజుకు గౌను మార్చబోతే మచ్చ లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. దీపం ఆర్పినట్టు పోదు, చెరువులో నీళ్ళు తగ్గినట్టు తగ్గుతుంది. కేక్ కొయ్యకముందే హాల్లో పంచాయితీ మొదలైంది. శనగపిండి అని అమ్మ, పెసరపిండి అని అత్తగారు. ఆముదం సంగతి ఎవరూ ఎత్తకపోయేసరికి మామ్మగారు అలిగి పులిహోర ముట్టలేదు. నీళ్ళు పోసిన ఆవిడకు చీర పెడితే, "నా చెయ్యి అలాంటిదమ్మా" అని తీసుకుంది. అదే ఏడు పుట్టిన మా వదిన కొడుక్కీ అంతే మచ్చ, అంతే చోట. వాళ్ళు బెంగుళూరులో బేబీ సోపు తప్ప ఏదీ రాయలేదు. వాడిదీ ఆ వేసవికల్లా పోయింది. ఆ సంగతి నేను గుర్తు చేస్తే, "అది వాళ్ళ అదృష్టం" అన్నారంతా ఏకగ్రీవంగా.

తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనదే. పాపం ఆవిడ కోడిని చంకన పెట్టుకుని ఊరు విడిచి వెళ్ళి పరీక్ష అయినా చేసింది. మనవాళ్ళు ఆ పాటి ప్రయోగమైనా చెయ్యరు. పైగా ఒక్క ఇంట్లో అయిదు కోళ్ళు, అయిదు కుంపట్లు.

పోనీ సరదాకి వదిలేద్దాం అనుకునేదాన్ని, మా ఆడపడుచు కొడుకు సంగతి కళ్ళారా చూడకపోతే.

వాడు పుట్టినప్పుడు ఏ మచ్చా లేదు. రెండో వారంలో ఎడమ కంటి పైరెప్ప మీద ఎర్రటి చుక్క. దోమ కుట్టిందన్నారు. నెల తిరిగేసరికి మినప్పప్పంత, ఆరో వారానికి పండిన రేగిపండంత అయి, రెప్ప సగం వాలిపోయింది. కారాలు ఎక్కువ తిన్నావని తల్లిని కేకలేశారు. ఆ తరవాత ఒకాయన తీర్పిచ్చాడు: "ఫలానావాళ్ళ అమ్మాయికి ఇంత మచ్చ ఉండేది, దానంతటదే పోలేదూ? ఇదీ అంతే." ఆ ఫలానావాళ్ళు మేమే. మా పిల్ల నడుం మీది నీలాన్ని తెచ్చి ఈ పిల్లాడి కంటి మీది ఎరుపుకు సాక్ష్యం పెట్టారు.

రెండూ వేరువేరు. ఇది రక్తనాళాల గడ్డ, హెమాంజియోమా. పుట్టిన కొన్ని వారాలకు మొదలై, అయిదు నెలల దాకా గబగబా పెరిగి, తరవాత నిదానించి, ఎరుపు తగ్గి బూడిద రంగుకు తిరిగి, నాలుగైదేళ్ళలో చాలావరకు అణిగిపోతుంది. వీపు మీదో భుజం మీదో ఉంటే చూస్తూ ఊరుకోవచ్చు. కన్ను, ముక్కు, పెదవి దగ్గరైతే ఊరుకోకూడదు. చూపు నేర్చుకునే వయసులో కన్ను మూతపడి ఉంటే మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. దీనికి మందు 2008లో తేలింది, అదీ అనుకోకుండా. ఫ్రాన్స్‌లో, బోర్డో నగరంలో, ముక్కు మీద ఇలాంటి గడ్డ ఉన్న బిడ్డకు గుండె ఇబ్బంది వస్తే ప్రొప్రనొలాల్ ఇచ్చారు. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. క్రిస్టీన్ లెయోటె-లబ్రేజ్ అనే చర్మవైద్యురాలు ఆ తేడాను పట్టుకున్నారు. 'మా మందు పనిచేసింది' అనే హక్కు నిజంగా ఉన్నావిడ ఆవిడ. అయినా ఆ మాట ఆవిడ ఒక్క బిడ్డను చూసి అనేసి ఊరుకోలేదు, ఇంకా పిల్లలకు ఇచ్చి చూశారు. తరవాత ఆ మందు వేసిన పిల్లలనూ వెయ్యని పిల్లలనూ పక్కపక్కన పెట్టి పోల్చారు.

మావాడు డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి మూడో నెల దాటింది. రావలసింది మొదటి నెలలో అన్నారు. పాలు పట్టాక కొలిచి రెండు పూటలా చుక్కల మందు వెయ్యడం, గుండె కొట్టుకోవడం చూడటం, బాగున్న కంటికి కాసేపు గంతకట్టి బద్ధకించిన కంటితో పని చేయించడం. ఆ వారమే మెడలో ఒక తాయెత్తు కూడా పడింది. రెప్ప లేచింది. తాయెత్తు కట్టినాయన ఇప్పటికీ వచ్చినవాళ్ళకు మావాడి ఫోటో చూపిస్తాడట. ఆ కంటికి మాత్రం దళసరి అద్దం ఉంది. అది ఫోటోలో పడదు.

తెల్లారితే కోడి గొప్ప, తెల్లారకపోతే తల్లి తప్పు. అసలు తెల్లారని మచ్చలు కొన్ని ఉంటాయి. ముఖానికి ఒక పక్కన ముదురెరుపున పరుచుకునే పోర్ట్ వైన్ మచ్చ పోదు. వయసుతో ఇంకా చిక్కనవుతుంది. సోవియట్ నాయకుడు గోర్బచేవ్ బట్టతల మీద ప్రపంచమంతా చూసింది అదే. నుదుటి మీద, కనురెప్ప మీద ఉంటే కంట్లో ఒత్తిడీ మెదడూ పరీక్ష చేయించాలి. రంగు తగ్గాలంటే లేజరు, అదీ చాలా విడతలు. బిడ్డ కడుపులో పడ్డాక ఏదో ఒక కణంలో జన్యువు మారడం వల్ల ఇది వస్తుందని 2013లో తేలింది. తల్లి వైపు నుంచీ రాదు, తండ్రి వైపు నుంచీ రాదు. గ్రహణానికి అస్సలు సంబంధం లేదు. అలాగే లేత గోధుమ రంగు పాల-కాఫీ మచ్చలు ఒకటీ రెండూ ఉంటే ఏం కాదు, అయిదు మిల్లీమీటర్లకు మించినవి ఆరో అంతకన్నా ఎక్కువో ఉంటే డాక్టరుకు చూపించాలి. పిండి రుద్దుతూ కూర్చుంటే లెక్కపెట్టేదెవరు?

వైద్యుల్నీ ఓ మాట అనాలి. స్ట్రాబెరీ మచ్చ, సాల్మన్ చేప మచ్చ, పోర్ట్ వైన్ మచ్చ, పాల-కాఫీ మచ్చ. పేర్లు పెట్టే రోజున దొరలకు భోజనం ఆలస్యమైనట్టుంది. మనవాళ్ళ చేతిలో పడి ఉంటే రేగిపండు మచ్చ, గోంగూర మచ్చ, ఊట ఆవకాయ మచ్చ అని శుభ్రంగా అర్థమయ్యేవి.

నీలిమచ్చ ఉన్న పిల్లతో విదేశం వెళ్ళేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. టెక్సాస్‌లో ఉన్న మా పిన్ని కూతురిని డేకేర్ వాళ్ళు పిలిచి, పిల్లాడి వీపు మీద ఈ దెబ్బ ఎక్కడిదని అడిగారు. అడిగిన తీరు మా నీళ్ళు పోసే ఆవిడ అడిగినట్టు లేదట. పుట్టినప్పుడే డాక్టరు ఫైల్లో మచ్చ సంగతి రాసి ఉండబట్టి గండం గడిచింది. శనగపిండి పాళ్ళు రాసుకున్న కాగితం అక్కడ పనికొచ్చేది కాదు.

మాకు ఇప్పుడు వేరే దిగులు. పదో తరగతికి గుర్తింపు కోసం రెండు పుట్టుమచ్చలు కావాలి. బడిలో నామినల్ రోల్స్ రాసే మాస్టారు చొక్కా చేతులు పైకి లాగించి మచ్చలు వెతికిన రోజు మనలో ఎవరు మరిచిపోతారు? మా అమ్మాయికి చూపించుకోదగ్గ మచ్చ ఒక్కటే ఉండేది, అదీ కరిగిపోయింది. మన పాత సినిమాలు తీసినవాళ్ళ అదృష్టం, తప్పిపోయిన కొడుకుల వీపు మీద నీలిమచ్చలు పెట్టుకోలేదు. పెట్టుంటే పతాక సన్నివేశంలో తల్లి చొక్కా చింపి చూసి, "క్షమించు బాబూ, నువ్వెవరో" అని వెళ్ళిపోవాల్సొచ్చేది.

2025 సెప్టెంబర్ 7న సంపూర్ణ చంద్రగ్రహణం వచ్చింది. రాత్రి 9:57కు పట్టి 1:26కు విడిచింది. మా మరిదిగారి భార్యకు అప్పుడు ఆరో నెల. ఆవిణ్ణి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు దుప్పటి లోపల పెట్టించి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, మా అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. ఫ్యాన్ ఉంది గానీ పదకొండింటికి కరెంటు పోయింది. మా అమ్మాయీ నేనూ డాబా మీద చాప వేసుకుని, రాగి రంగుకు తిరిగిన చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్నాం. కింద గదిలోంచి చటుక్కున చప్పట్లు కొట్టినట్టు ఒక దెబ్బ, వెంటనే అత్తగారి కేక: "గోకావా?"

"లేదత్తయ్యా, దోమని కొట్టాను."

"ఎక్కడ?"

జవాబు రాలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి వరండాలో చాట నిండా పెసలు ఎండలో ఉన్నాయి, పక్కన నారింజ తొక్కలు. మూడు నెలల ముందే పిండి పట్టిస్తున్నారు.