ఉచిత కోచింగ్

"వీడికి ఈ బుద్ధులు ఎవరివి వచ్చాయో అర్థం కావట్లేదు మేడమ్" అని పేరెంట్స్ మీటింగులో ఒక తండ్రి వాపోతాడు. బడికి వచ్చే దారిలో సిగ్నల్ దగ్గర కారు అద్దం దించి, ఆటో అతన్ని ఏడు తరాల పెద్దలతో సహా సత్కరించి వచ్చిన మనిషే. వెనక సీట్లో యూకేజీ విద్యార్థి శ్రద్ధగా నోట్సు రాసుకున్నాడు.

ఈ చదువుకు ఫీజు లేదు, డొనేషన్ లేదు. ఎక్కాలకు ట్యూషన్ కావాలి గానీ, బూతు ఒక్కసారి వింటే చాలు, ఒత్తులతో సహా వచ్చేస్తుంది. ప్రవేశం కూడా పాకే వయసులోనే. బల్ల తగిలి బిడ్డ ఏడిస్తే నాన్నమ్మ ఏం చేస్తుంది? "మా బంగారాన్ని కొడతావా" అంటూ బల్లను నాలుగు బాదుతుంది. బిడ్డ నవ్వుతాడు. మొదటి పాఠం పూర్తి: మనకు నొప్పెడితే ఎవర్నో ఒకర్ని కొట్టాలి, తప్పు ఎవరిదన్నది తర్వాతి సంగతి.

పాపం, ఈ మాత్రం తెలుసుకోవడానికి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో నానా తంటాలు పడ్డాడు. 72 మంది నర్సరీ పిల్లల్ని పోగేశాడు. వాళ్లలో కొందరి ముందు బోబో అనే గాలిబొమ్మను పెద్దవాళ్లచేత సుత్తితో కొట్టించి, తన్నించి, తిట్టించాడు. తర్వాత పిల్లల్ని గదిలో వదిలితే చాలామంది అవే దెబ్బలు, అవే మాటలు దించేశారు. బొమ్మ ఖర్చు దండగ. ఏ ఆదివారమో మన అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గర నిలబడితే సరిపోయేది.

శిక్షిస్తే మానరా అంటారు. మానిపించే పద్ధతి చూశాం కదా! "తమ్ముణ్ణి కొడతావా?" అని ఒకటి. "చెయ్యెత్తకూడదని ఎన్నిసార్లు చెప్పాను?" అని ఇంకోటి. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించినా, "కళ్లు రెండూ వదిలేసి తోలు తీసెయ్యండి మాస్టారూ" అని పవరాఫ్ అటార్నీ ఇచ్చివచ్చే నాన్నలకు కొదవలేదు.

బండూరా 1965లో ఈ శిక్ష సంగతీ చూశాడు. ఈసారి సినిమా వేశాడు. అందులో బొమ్మను కొట్టిన మనిషికి దెబ్బలు పడటం చూసిన పిల్లలు కాస్త వెనక్కి తగ్గారు. అతను చేసింది చేసి చూపిస్తే స్టిక్కర్లు, పళ్లరసం ఇస్తామనగానే ఆ దెబ్బలు చూడని పిల్లలతో సమానంగా మొత్తం అప్పజెప్పేశారు. దెబ్బల భయం పాఠాన్ని చెరపలేదు, దాచిందంతే.

మన ఇళ్లలో పళ్లరసం దాకా కూడా అక్కర్లేదు. రెండేళ్లవాడు తాతను పట్టుకుని "నోర్ముయ్" అంటే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుతారు. "మళ్లీ అను నాన్నా" అని బతిమాలి వీడియో తీసి, ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. అత్తలు, పిన్నులు గుండె బొమ్మలు కురిపిస్తారు. తాత కూడా నవ్వాల్సిందే, గత్యంతరం లేదు. పద్నాలుగేళ్ల తర్వాత అదే మాట అదే గొంతుతో తండ్రికి తగిలితే మాత్రం ఇల్లంతా కొయ్యబారిపోతుంది. ఫోన్ చెడగొట్టిందంటారు, సినిమాలంటారు, చివరికి ఎదురింటి కుర్రాడి సావాసం అని తేలుస్తారు.

ఎదురింట్లో ఆ సాయంత్రమే మనవాడి పేరు తేలింది.