బంగారు జుట్టు పిల్ల, బాగేపల్లి సంగటి

మా పక్క గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి గానీ, బంగారు జుట్టు పిల్ల మాత్రం ఇంతవరకూ ఇటు రాలేదు. ముంబయి దాకా వచ్చిందని 2025 డిసెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు సంజయ్ మల్హోత్రా గారు చెప్పారు. ఆర్నెల్ల ద్రవ్యోల్బణం 2.2 శాతం, వృద్ధి 8 శాతం. అరుదైన గోల్డీలాక్స్ కాలమట, అంటే ఆ పిల్ల పేరిటి కాలం. టీవీలో నలుగురు పెద్దమనుషులు తలలు ఊపారు. ఒకాయనకు కళ్ళు చెమర్చినంత పనైంది. ఆ పూట సంగటి ముద్ద తుంచుకుంటున్న మా అమ్మ, "ఎవరప్పా ఆ పిల్ల? ఎవరి బిడ్డ?" అంది.

చెప్పాను. అడవిలో ఒక ఇల్లు, మూడు ఎలుగుబంట్లు, మూడు గిన్నెల్లో గంజి. ఇంట్లో ఎవరూ లేని వేళ ఈ పిల్ల దూరింది. పెద్ద గిన్నెలో గంజి నోరు కాలేట్టుంది, నడిమి గిన్నెలో చల్లారిపోయింది, పిల్ల ఎలుగు గిన్నెలో గోరువెచ్చగా ఉంది. దాన్ని ఊడ్చి తాగేసింది. మన దేశపు గంజి కూడా ఇప్పుడు అంత పొందికగా ఉందని పెద్దల మురిపెం.

అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది. "అయితే గంజి ఎవరిది?"

ఎం.ఏ. చదివినవాణ్ణి. ఈ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఆ టీవీలో నలుగురికీ తట్టలేదు.

అంతకు ముందు నెల, 2025 నవంబరులో, ఇంకో పండగ జరిగింది కదా, 0.25 శాతం పండగ. అక్టోబరు నెల ద్రవ్యోల్బణం అంకె. 2012ను ఆధారంగా పెట్టుకున్న ఈ లెక్కలో ఇంత తక్కువ ఎన్నడూ లేదట. మర్నాడు నెల సరుకులకు పోయి అంగడాయనతో, "ఏమన్నా, ధరల పెరుగుదల పావు శాతమే అంట కదా" అన్నాను. ఆయన నా చీటీ వైపే చూస్తూ, "పావలానా? పావలా బిళ్ళను 2011లోనే ఎత్తేసిరి కదన్నా" అన్నాడు. ఆర్థికవేత్త కావలసినవాడు, ఖర్మ కొద్దీ కందిపప్పు తూస్తున్నాడు.

బంగారం జుట్టుకే పరిమితం కాలేదు లెండి. తులం లక్ష దాటి కూర్చుంది. 2025 జులైలో నంది బెట్ట మీద కర్ణాటక మంత్రివర్గం సమావేశమై మా బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్టాలని తీర్మానించింది. పేరులో భాగ్యం, పిల్ల నెత్తిన బంగారం. ఇంకేం తక్కువ మాకు?

ద్రవ్యోల్బణానికి రాష్ట్రాల వారీ పట్టిక అని ఒకటి ఉంది. దాని మీద నాకు సొంత కోపం ఉంది, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. అక్టోబరు పట్టికలో కేరళ 8.56తో మొదటిది, జమ్మూ కశ్మీరు రెండోది, మా కర్ణాటక 2.34తో మూడోది. పతకం వచ్చింది. అంతకు ముందు జూన్ పట్టికలో తెలంగాణది మైనస్ 0.93. ఆంధ్రప్రదేశ్‌ది 0.00. చుక్క తర్వాత కూడా రెండు సున్నలు, ఎవరికీ అనుమానం రాకూడదని.

బాగేపల్లి దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే పావుగంటలో కొడికొండ చెక్‌పోస్టు. పనుండి ఆ జూన్‌లో నాలుగైదు సార్లు అటు పోయాను. లెక్క ప్రకారం ఆ గీత దాటగానే ద్రవ్యోల్బణం నా ఒంటి మీది నుంచి జారి పడాలి. ఏదీ, ఒళ్ళు తేలిక పడలేదు. గీతకు ఇవతల తాగిన టీ, అవతల తాగిన టీ ఒకే ధర, ఒకే చక్కెర. ఇవతల నేను మాట్లాడింది తెలుగే, అవతలా తెలుగే. సున్న శాతం తెలుగు అని నాకు వేరేగా వినపడలేదు.

అసలు తమాషా ఎదురు దిక్కున ఉంది. చిలమత్తూరు, హిందూపురం వైపు బండ్లు మా బాగేపల్లి బంకుల ముందు నిలబడతాయి. పెట్రోలు అటు కంటే ఇటు లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. అంటే ధరలే పెరగని స్వర్గం నుంచి జనం, ధరలు పెరిగి పతకం కొట్టిన మా ఊరికి, చౌకగా దొరుకుతుందని వస్తున్నారు! టాంకు నింపుకుని, మూత బిగించి, మళ్ళీ సున్నలోకి వెళ్ళిపోతారు.

ఇందులో మాయేమీ లేదు. ఆ అంకె ధర ఎంతుందో చెప్పదు, నిరుడు ఇదే నెలతో పోలిస్తే ఎంత కదిలిందో చెబుతుంది. నిరుడే మిద్దె ఎక్కి కూర్చున్న ధర ఈ ఏడు అక్కడే కాళ్ళూపుకుంటూ కూర్చుంటే దాని పేరు సున్న. దొంగ అటక మీదే ఉన్నాడు, కొత్తగా ఏమీ ఎత్తుకుపోలేదు, కాబట్టి దొంగతనం సున్న శాతం. ఈ సంగతి చెప్పడానికి టీవీవాళ్ళకు అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మాత్రం ఎవరికీ దొరకదు. "ఆంధ్రలో ధరలు పెరగలేదు" అనే మాటను "ఆంధ్రలో ధరలు తక్కువ" అనే మాటగా మార్చి పారేస్తారు. గీతకు ఇవతల మా ఎమ్మెల్యే అభ్యర్థులు దాన్ని పట్టుకుని, అవతలివాళ్ళు ఇంకోలా పట్టుకుని, ఒకరినొకరు తిట్టుకుంటారు.

పైగా మాకంటూ ఒక అంకె ఉందా అంటే అదీ లేదు. రాష్ట్రం మొత్తానికి ఒకటి, అందులో పల్లెలకొకటి, పట్టణాలకొకటి. జిల్లా లెక్క వేయరు. బీదరు నుంచి బాగేపల్లి దాకా, బెంగళూరు వైట్‌ఫీల్డ్ అపార్టుమెంటు నుంచి చేళూరు సంత దాకా అందరం కలిసి 2.34. ఆ 2012 లెక్కలో పల్లెల ఇంటి అద్దె అసలు లేనే లేదు. పల్లెల్లో ఎవరూ అద్దెకు ఉండరని ఎవరో పట్టణంలో అద్దె ఇంట్లో కూర్చుని తేల్చి ఉంటారు. ఇంకా ఆ లెక్కకు తీసుకున్న సరుకుల బుట్టలో వీసీఆర్, టేపురికార్డరు, జట్కాబండి కిరాయి ఉండేవి. 2026 ఫిబ్రవరి నుంచి కొత్త బుట్ట అన్నారు. జట్కావాడికి చెప్పి పంపాలి.

మా ఇంట్లోనే రెండు ద్రవ్యోల్బణాలు ఉన్నాయి, అదింకో కథ. 2025 జనవరి 5న బస్సు చార్జీలు 15 శాతం పెంచారు. నా టికెట్టు పెరిగింది. శక్తి పథకం పుణ్యమా అని నా భార్యకు 2023 జూన్ నుంచి టికెట్టు సున్నే. చిక్కబళ్ళాపురం పోయేటప్పుడు ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుంటాం, ఆమె ఆంధ్రప్రదేశ్, నేను కేరళ.

తర్వాత ఏప్రిల్ 1 వచ్చింది. తేదీ వాళ్ళే ఎంచుకున్నారు, నేను కాదు. ఆ ఒక్కరోజే పాలు లీటరుకు నాలుగు రూపాయలు, కరెంటు యూనిట్‌కు 36 పైసలు, డీజిలు మీద పన్ను. పాల మీది నాలుగు రూపాయలు పాలు పోసే రైతుకే అన్నారు, సరే, మా ఇంటి ముందూ ఆవు ఉంది, నోరు మూసుకున్నాను. అంతకు ముందు ఏడాది జూన్‌లో రెండు రూపాయలు పెంచి, పాకెట్టులో 50 మి.లీ. అదనంగా పోసి, ఇది పెంపే కాదు పొమ్మన్నారు. ఆ తెలివికి మాత్రం చేతులెత్తి మొక్కాలి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. అక్టోబరు పట్టికలో ఇంకో అంకె ఉంది. కూరగాయలు, మైనస్ 27.57 శాతం. ఆ పావలా పండగకు ఊతకట్టె ఇదే. ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు రావడం లేదు.

ఎందుకంటే ఆ 27.57 ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా తోటల్లోంచి తీశారు. చింతామణి, కోలారు, మదనపల్లె మండీల్లో వేలంపాటలో తీశారు. నారు, మల్చింగు కవరు, డ్రిప్పు పైపు, ఊతకట్టెలు, దారం, మందు, కోత కూలి, టెంపో బాడుగ, కమిషను, వీటిలో ఒక్కటి మైనస్ 27 అయిందా? ఒక్కటి మైనస్ రెండు అయిందా? వెయ్యి అడుగులు దాటి బోరు దించినవాడికి అడుగుకింత అని తీసుకున్న డబ్బులో ఎవరైనా పావు వంతు వెనక్కిచ్చారా? మా చెరువులకు బెంగళూరు వాడి వదిలిన నీళ్ళను శుద్ధి చేశామని చెప్పి హెబ్బాళ, నాగవార లోయల నుంచి తోలుతున్నారు. ఆ నీళ్ళతో పండినది తిరిగి బెంగళూరుకే పోతుంది, అదీ నిరుటి కంటే 27 శాతం తక్కువకు.

లెక్క చూడండి, చిన్నదే. 2023 అక్టోబరులో వంద రూపాయలకు వచ్చిన కూరగాయల సంచి, 2024 అక్టోబరులో 42 శాతం పెరిగి 142 అయింది. ఆ నెల మొత్తం ద్రవ్యోల్బణం 6.21, అప్పుడు దేశమంతా గగ్గోలు. 2025 అక్టోబరులో ఆ 142 మీద 27.57 తగ్గితే సంచి 103. రెండేళ్ళలో పెరిగింది మూడు రూపాయలు. బయలుదేరిన చోటికే వచ్చి ఆగిన బండిని చూసి, వెనక్కి ఎంత వేగంగా వచ్చిందో అని చప్పట్లు! రెండేళ్ళలో మూడు రూపాయలు పెరిగిన సరుకు ఇంకేదైనా ఉంటే నాకు చూపించండి, నేనూ రెండు సంచులు కొనుక్కుంటాను. ఆ మూడు రూపాయలైనా రైతువి కావు. కొనేవాడు టమాటకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలని రిజర్వు బ్యాంకు పరిశోధకులే 2024లో ఒక పత్రంలో తేల్చారు. అదే బ్యాంకు గవర్నరు గారికి ఇప్పుడు బంగారు జుట్టు కనబడింది. కింది అంతస్తు కాగితాలు పై అంతస్తుకు పోవేమో, లిఫ్టు చెడిందేమో.

రేటు ఎక్కినప్పుడు వీళ్ళ కాళ్ళ వేగం చూశాను. 2023 జులైలో ద్రవ్యోల్బణం 7.44కు ఎగబాకింది. టమాట తోటలకు మావాళ్ళు రాత్రుళ్ళు కర్రలు పట్టుకుని కాపలా పడుకున్న నెల. సరిగ్గా అప్పుడు సహకార సంస్థల లారీలు మా మండీలకు దిగాయి, ఇక్కడ కొని ఢిల్లీలో కిలో 90కి, తర్వాత 80కి, 70కి అమ్మాయి. అదీ చాలక నేపాల్ నుంచి తెప్పిస్తున్నామని ఆగస్టులో ఆర్థికమంత్రి పార్లమెంటులోనే చెప్పారు. పదేళ్ళకు ఒక్కసారి రైతు చేతిలో నాలుగు డబ్బులు పడబోతే హిమాలయాలు దాటి టమాట వచ్చింది. రేటు పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన నెలల్లో మాత్రం ఒక్క లారీ రాలేదు. ఢిల్లీ నుంచి మా వరకూ ఉన్నది ఒకటే రోడ్డు, అది రేటు ఎక్కేటప్పుడే పనిచేస్తుందా? టమాట, ఉల్లి, ఆలుగడ్డ, మూడింటికీ కలిపి టాప్ అని పేరు పెట్టి 2018 బడ్జెట్‌లో 500 కోట్లు చూపించారు. పేరు బాగుంది.

ద్రవ్యోల్బణం వరసగా మూడు త్రైమాసికాలు 6 దాటినా, 2కు దిగువన ఉన్నా రిజర్వు బ్యాంకు విఫలమైనట్టే, ఎందుకిలా అయిందో ప్రభుత్వానికి ఉత్తరం రాయాలని చట్టం. 2022లో ఒక ఉత్తరం రాశారు, అందులో ఏముందో మాకు చూపించలేదు. ధర ఎక్కితే సంజాయిషీ, పడితే సంజాయిషీ, రెండూ ప్రభుత్వానికే. ధర పడి మునిగినవాడికి కార్డు ముక్క కూడా రాదు. వాడు ఆ పట్టికలో కొనేవాడుగానే ఉంటాడు, అమ్మేవాడుగా ఉండడు. వాడి నష్టమంతా కొనేవాడి పొదుపు అనే గడిలో పడిపోతుంది.

అమ్మ అడిగిన ప్రశ్నకు అదీ జవాబు. గంజి పిల్ల ఎలుగుది. ఆ పిల్ల గంజి ఒక్కటే తాగలేదు, చిన్న కుర్చీలో కూర్చుని దాన్నీ విరగ్గొట్టింది, తర్వాత చిన్న మంచం మీద పడుకుని నిద్రపోయింది. ఇది కూడా చెప్పాను. అమ్మ చేయి కడుక్కుంటూ, "దాన్నేనా టీవీలో అంతగా మెచ్చుకున్నది?" అంది.

డిసెంబరు 12, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి నవంబరు అంకె రావలసి ఉండింది. కాస్త ఎక్కుతుందనే అన్నారు. ఎక్కితే టీవీలో ముఖాలు మారతాయి, టమాట బొమ్మ పక్కన ఎర్ర బాణం పైకి పోతుంది. ఆ వారమే చింతామణి మండీ నుంచి తెలిసినాయన ఫోను చేసి బాక్సు రేటు లేస్తోందన్నాడు. మా చిన్నాన్న కొడుక్కి వెంటనే చెప్పాను, వాడికి రెండెకరాల తోట.

"లేవనీలే అన్నా," అన్నాడు. "ఈ తూరి నేను నాటనే లేదు. కట్టెలు, డ్రిప్పు పైపు అన్నీ శ్రావణంలోనే అమ్మేస్తి."