స్కేలు కోయండి, పిల్లలు పెరుగుతారు

దేశంలో పిల్లలు ఎత్తు పెరగడం లేదన్న బెంగ ఇక అక్కర్లేదు. మందు దొరికింది. గుడ్డు అవసరం లేదు, పాలు అవసరం లేదు, పప్పు అసలే అవసరం లేదు. స్కేలును కాస్త కోస్తే చాలు. నిన్న రాత్రి గిడసబారిన బిడ్డగా పడుకున్నవాడు పొద్దున్నే సాధారణ ఎత్తు పిల్లవాడై లేస్తాడు. ఆ సంగతి వాడికి తెలియదు, వాళ్లమ్మకూ తెలియదు. ఢిల్లీకి తెలిస్తే సరిపోతుంది.

ఇది నా కల్పన అనుకునేరు. 2013లో ఆర్థికవేత్త అరవింద్ పనగరియా ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో పెద్ద వ్యాసమే రాశారు. ఆఫ్రికా పిల్లలకన్నా మన పిల్లలు ఎక్కువగా గిడసబారారని లెక్కలు చూపిస్తుంటే, లోపం లెక్కల్లోనే ఉందని, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలబద్ద మన జన్యువులకు సరిపడదని ఆయన వాదన. రెండేళ్లు తిరక్కుండానే ఆయన నీతి ఆయోగ్ ఉపాధ్యక్షులయ్యారు. ‘మన పిల్లలకు మన స్కేలు’ అన్న పాట అప్పటినుంచి ఆగింది లేదు.

ఆడలేనివాడు మద్దెల ఓడంటే నవ్వి ఊరుకుంటాం. ఇక్కడ ఆ మద్దెల చేసినవాళ్లలో మనమూ ఉన్నాం. 2006లో వచ్చిన ఆ స్కేలు గాల్లోంచి ఊడిపడలేదు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా, భారత్ అనే ఆరు దేశాల పిల్లల్ని ఏళ్ల తరబడి కొలిచి తయారుచేశారు. మన వంతుకు ఎంచుకున్నది దక్షిణ ఢిల్లీ పిల్లల్ని. కడుపునిండా తిండి, తల్లిపాలు, వైద్యం అందిన ఆ పిల్లలు మిగతా దేశాల పిల్లలతో దాదాపు ఒకే తీరున పెరిగారు. అంటే మన జన్యువులు పిన్‌కోడ్ చూసి మరీ పెరుగుతాయి కాబోలు.

మన దగ్గరికే వద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015–16లో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు 28 శాతం. 2019లో మళ్లీ కొలిస్తే 33 శాతం. నాలుగేళ్లలో ఓ రాష్ట్రం జన్యువులు చెడిపోయాయంటే డార్విన్ కూడా ముక్కున వేలేసుకుంటాడు. అదే స్కేలు, అదే రాష్ట్రం. మారింది పళ్లెంలోనిదో, పెద్దల శ్రద్ధో అయి ఉంటుందన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

నెత్తుటి కథ ఇంకా రంజుగా ఉంటుంది. ‘అనీమియా ముక్త్ భారత్’ అని 2018లో శంఖం పూరించి, రక్తహీనతను ఏటా మూడు పాయింట్ల చొప్పున తగ్గిస్తామన్నారు. తీరా సర్వే చేస్తే 15–49 ఏళ్ల స్త్రీలలో అది 53 నుంచి 57 శాతానికి ఎక్కింది. బడిలో వారం వారం నీలం మాత్ర మింగే వయసు ఆడపిల్లల్లో, అంటే 15–19 ఏళ్లవాళ్లలో, 54 నుంచి 59కి. అయిదేళ్లలోపు పసివాళ్లలో ఏకంగా 67. దీనికి ప్రభుత్వం కనిపెట్టిన చికిత్స ఏమిటయ్యా అంటే, తర్వాతి సర్వేలో రక్తహీనత పరీక్షనే ఎత్తేయడం.

వేలి కొసన గుచ్చి తీసిన చుక్కలో లెక్క అటూఇటూ అవుతుంది, నరంలోంచి తీస్తేనే నమ్మకం అని శాస్త్రవేత్తలన్న మాట నిజమే. హిమోగ్లోబిన్ హద్దు ఎక్కడ గీయాలన్న చర్చా నిజమైనదే; రెండేళ్లలోపు పసివాళ్లకు ఆ హద్దును ప్రపంచ ఆరోగ్య సంస్థే 2024లో 11 నుంచి 10.5కు దించింది. వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ బాబూ, రెండు సర్వేల్లోనూ గుచ్చింది వేలినే కదా! తప్పుంటే రెండుసార్లూ అదే తప్పుండాలి. మరి పెరుగుదల ఎక్కణ్నుంచి వచ్చింది? కొత్త పద్ధతిలో కొత్త సర్వే అంటూ ఆ పని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. మంచిదే, ఆ సంస్థకు ఆ సత్తా ఉంది. పాత అంకెకూ కొత్త అంకెకూ పోలిక కుదరదన్నది మాత్రం ఏలినవారికి కలిసొచ్చిన అదృష్టం. అదే సంస్థలో 1972 నుంచి పల్లెపల్లెకూ వెళ్లి జనం ఏం తింటున్నారో తూచి రాసిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో 2015లో మూతపడింది. పళ్లెంలో ఏముందో చూసేవాడు ఉండకపోతే ఆకలి లేనట్టే కదా.

ఆ సంస్థ మన ఊళ్లలో చేసిన పరిశోధన ఒకటి చెప్పాలి. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 15 పల్లెల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు. అవును, ఉప్మానే! ఇంట్లో వండితే మూతి ముడిచి, పెళ్లి టిఫిన్లో కనబడితే పక్క టేబుల్ కేసి చూసి, సినిమాల్లో సైతం ఎగతాళి చేసే ఆ ఉప్మానే. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, కాస్త నూనె. తల్లికి సుమారు 500 కేలరీలు, బిడ్డకు అంతకన్నా తక్కువ. పక్కనున్న 14 పల్లెలకు ఆ ఉప్మా పథకం అప్పటికింకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత, ఆ పిల్లలు 13–18 ఏళ్లవాళ్లయ్యాక, వెతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు. ఇన్సులిన్ పనితీరు మెరుగు, రక్తనాళాల్లో బిరుసుతనం తక్కువ. 2008లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ అచ్చేసింది. జన్యువులు అవే, నీళ్లు అవే, తేడా ఒక్క గిన్నెలో ఉంది.

ఇంత చవకైన ఫలితం ఎవరికి నచ్చుతుంది? ఉప్మాకు రిబ్బన్ కత్తిరించలేం. ఉప్మాకు డ్యాష్‌బోర్డు ఉండదు. అందుకే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది, 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరి అయింది. బాలామృతం ప్యాకెట్ కావాలంటే చంటిబిడ్డను చంకనేసుకొచ్చిన తల్లి ముందు ఫోన్‌కేసి చూసి కనురెప్పలు ఆర్పాలి. ఆర్పింది. సర్వర్ లేదు. మళ్లీ ఆర్పమ్మా. సిగ్నల్ లేదు. ఆధార్ ఫోటోలో పెళ్లికాని పిల్లగా నిండుగా ఉన్న మొహం, రెండు కాన్పులయ్యాక పీక్కుపోయి పోలిక దొరకడం లేదంటే అది పోషకాహార లోపానికి సాక్ష్యం అనుకోవాలి. యాప్ దాన్ని దొంగతనానికి సాక్ష్యం అనుకుంటుంది.

ఆరో నెల నిండగానే అన్నప్రాసన చేసే దేశం మనది. పోషణ్ మాసమని ఏటా సెప్టెంబరులో అంగన్‌వాడీల్లో ఆ వేడుకా చేస్తారు, సీమంతాలూ చేస్తారు, ఫోటోలూ ఎక్కిస్తారు. ఆ ముద్ద మర్నాడూ అందాలి కదా. 6–23 నెలల పిల్లల్లో చాలినంత తిండి, చాలినన్ని రకాలు తింటున్నవాళ్లు నూటికి 11 మందేనని సర్కారువారి సర్వే చెప్పింది. మిగతా 89 మంది వేడుక నాటి ఫోటోలో ఉన్నారు.

గుడ్డు పెట్టొచ్చుగా అంటారా? దానికి కులమూ మతమూ అంటగట్టారు. అప్పట్లో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 42 మంది గిడసబారిన మధ్యప్రదేశ్‌లో, అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామన్న ప్రతిపాదనను 2015లో నాటి ముఖ్యమంత్రి తోసిపుచ్చారు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ విషయంలో నయం, గుడ్డూ పాలూ ఇస్తున్నాయి. ఒప్పుకోవాలి. అయితే పిల్లవాడికి రోజుకింత అని కేంద్రం 2017లో ఖరారుచేసిన లెక్క ఎనిమిది రూపాయలు. మీ వీధి చివరి కొట్లో గుడ్డు ధర అడిగి, మిగిలిన చిల్లరతో అన్నం, పప్పు, కూర, నూనె కొనుక్కుని రండి. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకైతే 12 రూపాయలు.

ఆ డబ్బుతో వండి, వడ్డించి, తూకం వేసి, ఎత్తు కొలిచి, ఫోటో తీసి, యాప్‌లో ఎక్కించే అంగన్‌వాడీ టీచరుకు ఆంధ్రప్రదేశ్‌లో 2023 నాటికి నెలకు వచ్చేది 11,500. దానికి జీతం అని పేరు లేదు, గౌరవ వేతనం. ఉద్యోగులు కారు, సేవకులు. ఆ డిసెంబరులో వాళ్లు సమ్మెకు దిగి మూడు వారాలు దాటాక, ప్రభుత్వం ఎస్మా ప్రయోగించి వాళ్లది అత్యవసర సేవ అని తేల్చింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ.

కాబట్టి అయ్యా, స్కేలు మార్చాలని అంత ముచ్చటగా ఉంటే మార్చుకోండి. దానికంటే ముందు ఆ ఎనిమిది రూపాయలను మార్చండి, ఆపేసిన రక్త పరీక్షల పాత వరస తెగిపోకుండా చూడండి, ఫోన్‌లో మొహం కలవలేదని ఏ తల్లినీ ఉత్త చేతులతో పంపకండి. పదిహేనేళ్ల తర్వాత ఈ పిల్లల్నీ ఎవరో ఒకరు కొలుస్తారు.