మెళ్లో కార్డు, చేతిలో తాడు

విజయదశమి వెళ్లిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ నాడు విజయనగరంలో పని లేనివాడంటూ ఉండడు. చింతమాను దగ్గర్నుంచి చేపల వల దాకా దేనికి ఎవరన్నది తరతరాలుగా ఖాయమైపోయింది. ఏ పనీ దక్కక మిగిలిపోయినవాడి మెళ్లో మాత్రం 'వాలంటీర్' అని కార్డు వేలాడదీస్తారు. రిటైరైన లెక్కల మేష్టార్ని కాబట్టి ఏటా ఆ కార్డు నాకే వస్తుంది.

మిగతావాళ్ల సంగతి చూడండి. పైడితల్లి అమ్మవారు పూజారిగారి కలలోకి వచ్చి ఫలానా చోట ఉన్నానని చెబుతుంది. వెళ్లి చూస్తే చింతచెట్టు. ఆ చెట్టు యజమాని పసుపు కుంకుమ పెట్టి దాన్ని సాగనంపుతాడు. కొబ్బరిమట్ట పక్కింటి పెరట్లో పడితే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టే మనుషులం, అమ్మ అడిగితే చెట్టుకు చెట్టే ఇచ్చేస్తాం. అది హుకుంపేట చేరి, చెక్కించుకుని సిరిమానవుతుంది. ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి కోట దగ్గర ఇచ్చే విత్తనాల కోసం రైతులు తుండుగుడ్డ పరుచుకుని కాచుక్కూచుంటారు. మర్నాడు సిరిమాను ముందు పాలధార, బెస్తవారి వల, బండి మీద తెల్లఏనుగు, చీరలు కట్టిన మగవాళ్లతో అంజలిరథం. ఎవరు ఎక్కడ నడవాలో వాళ్ల తాతలు చెప్పి వెళ్లారు. నేను ఎక్కడ నిలబడాలో మాత్రం ఆ పొద్దున్నే మూతిమీద మీసం రాని కుర్రాడొకడు మైకులో చెప్పాడు.

నిలబడ్డ చోటు మూడు లాంతర్ల దగ్గర. చేతికిచ్చింది తాడు. అవతలి కొస ఇంటర్ చదివే కుర్రాడి చేతిలో ఉంది. తాడుకి ఇవతల జనం, అవతల దారి అని ఏర్పాటు. అరగంటలో అటూ జనమే, ఇటూ జనమే. ఇంటర్ కుర్రాడు కనబడలేదు గానీ తాడు బిగువుగానే ఉంది కాబట్టి ఎక్కడో ఉన్నాడనుకున్నాను. చివరికి ఆ కొసని పట్టుకున్నది ఒక బఠాణీల బండి.

విజిల్ కూడా ఇచ్చారు. వాయించాను. ముందున్నాయన వెనక్కి తిరిగి, "మేష్టారూ, చెవిలో ఊదకండి" అని సౌమ్యంగా చెప్పి, అక్కడే నిలబడ్డాడు. అతన్నేం అనగలం? 1757లో బొబ్బిలి మీదికి వెళ్లొద్దని పైడితల్లి నెత్తీ నోరూ బాదుకున్నా అన్నగారు విజయరామరాజు వినలేదంటారు. వెళ్లాడు, గెలిచాడు, తిరిగి రాలేదు. ఆ తర్వాతే ఆవిడ పెద్దచెరువులో వెలసి అమ్మవారైందని కథ. అమ్మవారి మాటే అన్న వినని ఊళ్లో లెక్కల మేష్టారి విజిల్ ఎవడు వింటాడు?

అసలు చిక్కంతా మెళ్లో కార్డుతో వచ్చింది. 2019 నుంచి అయిదేళ్లు మన రాష్ట్రంలో వాలంటీరంటే యాభై ఇళ్లకు ఒకరు చొప్పున ప్రభుత్వం పెట్టిన మనిషి. ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టింది వాళ్లే. తరవాత వాళ్లు పోయారు గానీ ఆ పేరు ముసలమ్మల మనసులోంచి పోలేదు. పాలకొండ వైపు నుంచి వచ్చిన అవ్వ ఒకావిడ నా కార్డు పట్టుకుని లాగింది.

"బావూ, నా ఏలిముద్ర పడతంనేదు. పింఛను ఆపేసినారు. కాస్త సూడు."

"అవ్వా, నేను ఆ వాలంటీర్ని కాదు. అమ్మవారి వాలంటీర్ని."

"మరింకేటి! అమ్మకే సెప్పు."

పేరు రాసుకోమంది. అర్జీ జేబులో పెట్టుకున్నాను. ఆవిడ్ని చూసి ఇంకో నలుగురు చేరారు. ఒకాయన రేషన్ కార్డులో కోడలి పేరు చేర్చమన్నాడు.

ఆ గోలలోనే బర్మింగ్‌హామ్ నుంచి మేనల్లుడి వీడియో కాల్. ఏటా జూన్‌లో వేలమందితో కలిసి స్టోన్‌హెంజ్ రాళ్ల మధ్య సూర్యోదయం చూడ్డానికి వెళ్తాడు. అక్కడ తెల్లంగీల డ్రూయిడ్లుంటారట, గాలిలో 'ఎనర్జీ' ఉంటుందట. నా మెళ్లో కార్డు చూసి "మావయ్యా, మీకు ట్రైనింగ్ ఇచ్చారా?" అన్నాడు. పులిహోర పొట్లం ఇచ్చారన్నాను. ఎనర్జీ చూపిద్దామని ఫోను జనం వైపు తిప్పాను. ఎవరి మోచెయ్యో తగిలి లైను తెగింది.

అంతలో "జై పైడిమాంబ" అని రోడ్డు రోడ్డంతా ఒక్క కేక. యాభై అడుగులకు తగ్గని మాను, దాని కొసన పూజారి, చేతిలో విసనకర్ర. మాను ఊగుతోంది, ఆయన మాత్రం తన అరుగు మీద కూర్చున్నంత నిబ్బరంగా ఉన్నారు. కింద నా మోకాళ్లు వణికాయి. జనం అరటిపళ్లు విసరడం మొదలెట్టారు. మొక్కు అమ్మవారికే గానీ గురి కుదరని పళ్లన్నీ కిందివాళ్లకి. నాకు తగిలింది బాగా మగ్గిన చక్కెరకేళి. కళ్లజోడు ఒక అద్దం మీద పూర్తిగా పరుచుకుంది. రెండో అద్దంలోంచి అమ్మవారిని చూసి దణ్ణం పెట్టి, అవ్వ పింఛను సంగతి విన్నవించాను. గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి గుర్తుచేయడానికి ఇంకా వ్యవధి ఉంది.

రాత్రి కార్డు తిరిగిచ్చేద్దామని వెళ్తే కమిటీ ఆయన పుచ్చుకోలేదు. వచ్చే మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం కదా, ఈత వచ్చా అని అడిగాడు. రాదన్నాను.

"అయితే గట్టు మీదుండి తాడు పట్టుకోండి మేష్టారూ" అన్నాడు.