జాబితా మాస్టారు

మండల క్రీడాపోటీల కాలము వచ్చినదనగా కోనసీమలో, అమలాపురమైననేమి, రాజోలైననేమి, కొత్తపేటయైననేమి, పాఠశాల మైదానపు మూలనున్న కొబ్బరిచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీయందు ఆసీనుడై, మోకాలిమీద అట్టయు చెవిసందున పెన్సిలును ధరించి ఒకానొక మహానుభావుడు దర్శనమిచ్చును. ఈయన వృత్తిచేత వ్యాయామోపాధ్యాయుడు, జనవ్యవహారమున డ్రిల్లు మాస్టారు. కాని పోటీలు సాగునన్ని దినములును ఆయన అధికారము సాక్షాత్తు చిత్రగుప్తునిది. ఏ ఆటకు ఎవరు ఈల ఊదవలెనో ఆ అట్టమీది జాబితాయే నిర్ణయించును. మాటిమాటికి తలపైకెత్తి గెల ముదిరినదేమోయని చూచుకొని కుర్చీని కొంచెము జరుపుకొనుట తప్ప, ఆయనకు లోకమున వేరొక భయమున్నట్లు కనబడదు.

ఆడు జట్టు ఏ ఊరిదో ఆ ఊరివాడు తీర్పరిగా నిలువరాదనునది ఆయన వ్రతము. వ్రతము మంచిదే, కోనసీమలో దానిని చెల్లించుటయే కష్టము. అంబాజీపేట అంపైరుకు రావులపాలెములో అత్తవారు, ముమ్మిడివరపు అంపైరుకు రాజోలులో తోడల్లుడు. పోనీ గౌతమి ఆవలివానిని పిలిపింతమన్న, ఎదుర్లంక వంతెన దాటి వచ్చినవాడు మోటారుసైకిలు దిగీదిగకమునుపే మైదానపు చివరనుండి ఒక కుర్రవాడు "బాబాయ్!" అని కేకవేయును. కావున మాస్టారు చుట్టరికములను తూచి, పెండ్లి పిలుపు అందునంత దగ్గరివారిని కొట్టివేసి, చావు కబురు మాత్రమే అందువారిని నిష్పక్షపాతులుగా పరిగణించును.

ఈ సూక్ష్మవిచారమంతయు బాలుర ఆటలకే సుమా! కబడ్డీకి రెఫరీ ఒకడు, అంపైర్లిరువురు, స్కోరరు ఒకడు, సహాయ స్కోరర్లిరువురు, వెరసి ఆరుగురుండవలెను. బాలుర ఫైనలుకు ఆరుగురును ఇస్త్రీ చొక్కాలతో నిలుతురు. బాలికల ఫైనలు మొదలగునప్పటికి సరిగా భోజనములవేళ యగును, అందు నలుగురు విస్తళ్ల యెదుటనుందురు. ఇదేమండీయని అడిగినవానికి మాస్టారి సమాధానము సిద్ధముగనే యుండును: "మగవాళ్ల వాలీబాలు వల 2.43 మీటర్లండి, ఆడవాళ్లకి 2.24. కబడ్డీ బరి వాళ్లకి 10 మీటర్ల వెడల్పు, వీళ్లకి 8. ఆటలో సగం వాళ్లకి 20 నిమిషాలు, వీళ్లకి 15. రూలే తగ్గించింది కదండీ, నేను తగ్గిస్తే తప్పొచ్చిందా?" వలను 19 సెంటీమీటర్లు దింపుమన్న గ్రంథము అంపైరును ఎంత దింపవలెనో చెప్పక విడిచినది గనుక, ఆ లోపమును ఆయన స్వయముగా పూరించుచున్నాడన్నమాట.

బాలికల జట్టు వెంట ఒక ఉపాధ్యాయిని రావలెను గదా. అట్లు వచ్చునామె అంపైరు పరీక్షలో ఉత్తీర్ణురాలు, మెడలో ఈలయును గలదు. ఆమె పేరెదుట మాస్టారు ఏటేటా వ్రాయునది "సంచులు, నీళ్లు" అని. ఇది నిరాదరణ యనుకొందురేమో, కాదు. "ఎండలో నీకెందుకమ్మా శ్రమ" యని ఆయన కంఠము నిజముగనే కరుగును. నేనొకసారి ధైర్యము చేసి, రాజమండ్రిలో జన్మించిన జి.ఎస్. లక్ష్మి గారు 2019లో అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రెఫరీల వర్గమున చేరిన తొలి మహిళ యనియు, ఆ డిసెంబరులోనే పురుషుల వన్డేకు రెఫరీగా వ్యవహరించిరనియు విన్నవించితిని. మాస్టారు కన్నులు మూసి కొంతసేపు ఆలోచించి, "రాజమండ్రంటే మనకెక్కడో చుట్టరికం తగులుద్దండి. చుట్టాలకి డ్యూటీ వెయ్యకూడదు" అని జాబితా మడిచినాడు.

ఆ యేడు బాలికల ఫైనలుకు రెఫరీ మా డ్రాయింగు మాస్టారు. ఆయన ఈలను కుంచెవలె రెండువ్రేళ్ల నడుమ పట్టుకొని బరిలో నిలిచెను. కూతకు వెళ్లిన పిల్లను ప్రత్యర్థులు పట్టుకొనగా, ఆమె పెనుగులాడుచు లాబీలో కాలుమోపి, అటనుండి మధ్యగీత నందుకొన్నది. డ్రాయింగు మాస్టారు ఈల ఊది ఔటనెను. జట్టు నాయకురాలు, తొమ్మిదవ తరగతి పిల్ల, చేతులు కట్టుకొని వచ్చి, "పట్టు పడ్డాక లాబీ కూడా బరేనండి, మేష్టారండీ" అన్నది.

"నీకెవరు చెప్పారే?"

"మన బడి గోడమీద రాసుందండి. మీరే రాశారండి, ఆయ్."

నిజమే. ఆ నిబంధనలన్నియు గుండ్రని అక్షరములతో, నీలిరంగు అంచుతో, వేసవి సెలవులలో ఆయన లిఖించినవే. లిఖించునపుడు చదువవలెనను షరతు ఎవరును పెట్టలేదు. ఆయన చిత్తశుద్ధి గలవాడగుటచే అప్పటికప్పుడు పాయింటు లిచ్చివేసి, నుదురు తుడుచుకొనెను. గట్టుమీద పదునాలుగు సంచుల నడుమ కూర్చున్న ఉపాధ్యాయిని ఏమియు ననక, మూత బిగించిన నీళ్లసీసా మూతనే మరల బిగించినది.

సంగతి జాబితా మాస్టారి చెవిని పడినది. ఆయన న్యాయబుద్ధిని శంకింపరాదు. మరుసటి యేడు జాబితాను తప్పక సవరించినాడు. డ్రాయింగు మాస్టారిని ప్రశంసాపత్రములమీద పేర్లు వ్రాయుటకు మార్చి, ఆ స్థానమున సంగీతము మాస్టారిని వేసినాడు. ఉపాధ్యాయిని పేరెదుట "సంచులు, నీళ్లు" అనియే యున్నది.