పాతకారు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వ్యాఖ్యానానికి మూలం ఉండి తీరాలన్నది శాస్త్రనియమం. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కొలచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిన పూని కలం పట్టినవాడు. ఆయన ఇంటిపేరును తలపించే కొల్చారం నేటికీ మెదక్ జిల్లాలో ఉంది. పాతకార్ల గురించి పూర్వకవులు పద్యమేదీ వదిలి వెళ్లకపోవడం చేత, వ్యాఖ్యకు ముందు మూలాన్ని కూడా ఇక్కడే కట్టుకోవలసి వచ్చింది.

అవతారిక అనగా పద్యం ఎవరిని గురించి, ఏ సందర్భంలో పుట్టిందో ముందుగా చెప్పే మాట. ఇందులోని నాయకుడు పదవీ విరమణ చేసిన కారుప్రియుడు. తెలంగాణ ప్రభుత్వోద్యోగి అయితే 61, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి అయితే 62 ఏళ్లు నిండినవాడు. అతడు చదువుకునే రోజుల్లో రోడ్డు మీద కనిపించిన కార్లు ముఖ్యంగా మూడే: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. అప్పుడు కొనే స్తోమత లేక చూసి ఊరుకున్నాడు. ఇప్పుడు స్తోమత వచ్చింది, తీరిక వచ్చింది, వాటితోపాటు మోకాళ్ల నొప్పి కూడా వచ్చింది. ఈ మూడూ కలిసిన శుభసమయంలో అతడు పాతబండి ఒకటి కొని, విప్పి, బాగుచేసి నడపాలని సంకల్పించడం ఈ పద్యానికి ఇతివృత్తం.

మూలం

ఆ.వె. పాత కారు కొన్న పదుగురు నవ్వరే
చేతి సొమ్ము కరగు చింత పెరుగు
పనియె చిన్నదంచు బండి తెచ్చినవాడు
పదవి వీడి పనికి బానిసాయె

అన్వయం

పద్యంలోని మాటలను అర్థం కుదిరే వరుసలో మళ్లీ పేర్చుకోవడాన్ని అన్వయం అంటారు. ఈ పద్యాన్ని పాదాల వరుసలో చదివితే కథ తెగుతుంది. మొదటి పాదం తరువాత మూడవది, ఆపైన నాలుగవది, చివర రెండవది చదివితే, కొనడం, తెచ్చుకోవడం, బానిస కావడం, సొమ్ము కరగడం అన్న క్రమం సరిగా కుదురుతుంది. అంబాసిడర్ ఇంజన్‌లోని నాలుగు సిలిండర్లలో నిప్పు పుట్టే క్రమం కూడా 1-3-4-2 కావడం గమనార్హం. ప్లగ్గు వైర్లు ఈ క్రమం తప్పించి తగిలిస్తే ఇంజన్ దగ్గుతుంది గాని నడవదు. అన్వయం తప్పిన పద్యం గతీ ఇంతే.

ప్రతిపదార్థం

పాత కారు = తయారీ ఆగిపోయిన కారు అని భావం. నాలుగైదేళ్లు ఒకరు వాడి అమ్మినది సెకండ్ హ్యాండ్ కారే గాని పాత కారు కాదు, దానికి విడిభాగాలు షోరూములోనే దొరుకుతాయి. పాత కారంటే, దానిని కన్న కర్మాగారమే దానిని మరిచిపోయినది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్‌కు భారతీయ రూపమైన అంబాసిడర్, పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1957 నుంచి 2014 దాకా తయారై ఆగిపోయింది. దాని పెట్రోలు ఇంజన్ చాలాకాలం 1489 సీసీలదే. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, తరువాత ప్రీమియర్ పద్మిని అన్న పేరు తెచ్చుకున్నా, తెలుగువారి నోట మాత్రం చివరిదాకా ఫియట్‌గానే నిలిచింది. దాని ఇంజన్ 1089 సీసీలది, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. 1983 డిసెంబరులో వచ్చి 2014లో వెళ్లిపోయిన 796 సీసీల మారుతి 800 ఇప్పుడిప్పుడే ఈ పంక్తిలో కూర్చోవడానికి వస్తోంది.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వ్యక్తిగత వాహనాలే వింటేజ్ వాహనాలు. అలాంటివాటి నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు చేరతాయి, వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు గాని రోజూ కూరగాయలకు తీసుకుపోకూడదు. కనుక 1988 నాటి అంబాసిడర్ ముసలిదే గాని వింటేజ్ కాదు. దానికి వార్ధక్యం వల్ల వచ్చే కష్టాలన్నీ ఉంటాయి, గౌరవం మాత్రం ఇంకా రాలేదు. నాయకుడి స్థితీ దాదాపు అదే కావడం వల్ల ఇద్దరికీ జత కుదిరిందని గ్రహించాలి.

పదుగురు నవ్వరే = పదిమంది నవ్వరా, నవ్వుతారనుట. ఈ పదుగురెవరో విచారించవలసి ఉంది. ఇంట్లోని ఇల్లాలు, కారు నిలిపేందుకు చోటు పోయిందని బాధపడే పక్కింటివారు, అపార్ట్‌మెంటు కమిటీ పెద్దలు, పెన్షన్ లెక్క తెలిసిన పాత సహోద్యోగులు ఇందులో చేరతారు. అమెరికాలోని కొడుకు వీడియో కాల్‌లో బండిని చూసి, “నాన్నా, దీనికి సీటు బెల్టులైనా ఉన్నాయా?” అని అడగడం కూడా నవ్వులోకే వస్తుంది. పదకొండవవాడైన మెకానిక్ మాత్రం నవ్వడు. అతడు బండి చుట్టూ మౌనంగా ఒకసారి తిరిగి, “చూద్దాం సార్” అంటాడు. ఆ మాటకు అర్థం రెండవ పాదంలో వస్తుంది.

పనియె చిన్నదంచు = పని కొంచెమేనని అంటూ. పద్యానికంతటికీ ఇది కీలకమైన మాట. అమ్మేవాడు “చిన్న చిన్న పనులున్నాయి సార్, నడుపుకుంటూ చేయించుకోవచ్చు” అన్నప్పుడు, చిన్న అన్న విశేషణం పనికి చెందదనీ, చెప్పేటప్పుడు అతని గొంతుకు చెందుతుందనీ వ్యాఖ్యాతల అభిప్రాయం.

పని ఎంతో తెలుసుకోవడానికి పరీక్ష ఉంది. కొత్తగా రంగు వేసిన బండి అయితే, జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుపోయి, పలుచని గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచుల మీద, చక్రాల పైవంపుల మీద, డిక్కీ అంచున మెల్లగా జరపాలి. రేకున్న చోట అది పట్టుకుంటుంది, లప్పం పెట్టిన చోట జారిపోతుంది. లప్పం అనగా సొట్టలను, తుప్పు తిన్న కంతలను పూడ్చి పైన రంగు వేయడానికి వాడే ముద్ద. ఆ తరువాత కాళ్ల దగ్గర పరిచిన మ్యాటు ఎత్తి, అడుగురేకు మీద స్క్రూడ్రైవరు మొనతో నొక్కాలి. టంగుమంటే రేకు ఉన్నట్టు, కరకరమంటూ మొన దిగిపోయి కింద నేల కనిపిస్తే రేకు ఒకప్పుడు ఉండేదన్నట్టు. సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం బండ్లకు ఈ పరీక్ష మరింత అవసరం.

ఇక్కడ అనుభవం లేనివారు ఇంజన్ శబ్దానికి మోసపోతారు. పొగ వేసే ఇంజన్‌ను దించి, బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించడం తెలిసిన లేత్ వర్క్స్ ఊరూరా ఉన్నాయి. బోరు కొట్టడమంటే అరిగిన సిలిండరును కొంచెం పెద్దదిగా తొలిచి నున్న చేయడం. అది కొన్ని వారాల పని. తుప్పు తిన్న రేకును కోసి, కొత్త రేకును వంపు తీర్చి అతికే టింకరింగ్ పనికి అంచనా ఉండదు, గడువు అంతకన్నా ఉండదు. కనుక ఇంజన్ చెడి బాడీ గట్టిగా ఉన్న బండి, బాడీ చెడి ఇంజన్ పాడే బండి కన్నా మేలు.

బండి తెచ్చినవాడు = బండిని, దాని కాగితాలను కూడా తెచ్చినవాడు అని చెప్పుకోవాలి. కాగితాలు లేకుండా తెచ్చినది ఇనుము, బండి కాదు. కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు చెల్లుతుంది, తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గించి అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఈ పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 రూపాయలు కాగా, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు అయింది. పొరుగు రాష్ట్రపు బండి అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఇక్కడ కట్టవలసిన జీవితకాల పన్ను అదనం. ఆర్‌సీలోని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఛాసిస్ నంబరు తుప్పులో కలిసిపోయి కనిపించకపోతే, ఎంత చౌకైనా ఆ బండిని వదిలేయడం ఉత్తమం.

చేతి సొమ్ము కరగు = దాచుకున్న ధనం కొద్దికొద్దిగా తరిగిపోతుంది. ‘పోవు’ అనక ‘కరగు’ అన్నందువల్ల, నష్టం ఒక్కసారిగా కాక తెలియకుండా జరుగుతుందని సూచన. బ్రేకు మెత్తబడిందని చక్రం విప్పుతారు. లోపల వీల్ సిలిండరు కారుతుంటుంది, దానిని మారిస్తే ఒత్తిడి పెరిగి మాస్టర్ సిలిండరు కారుతుంది, అదీ మారిస్తే 30 ఏళ్ల నాటి గొట్టం పగులుతుంది. ఏ బిల్లుకు ఆ బిల్లు చిన్నదే.

చింత పెరుగు = విడిభాగాల వెతుకులాట వల్ల కలిగే ఆలోచన. సికింద్రాబాద్ రాణీగంజ్ దుకాణాలు, విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ ఈ చింతకు తీర్థక్షేత్రాలు. ట్యాక్సీలుగా లక్షల మైళ్లు తిరిగిన అంబాసిడర్‌కు, ఫియట్‌కు ఇంజన్ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. దొరకనివి బయటి అలంకారాలు: బంపరు, లైటు చుట్టూ ఉండే వలయం, డాష్‌బోర్డు మీది గడియారం వంటివి. అందువల్ల నడవకపోయినా ఏ భాగమూ పోని నిండు బండిని ఎంచుకోవాలన్నది ఈ మాటలోని ధ్వని.

పదవి వీడి పనికి బానిసాయె = ఉద్యోగం వదిలి పనికి దాసుడయ్యాడు. పదవి వేరు, పని వేరు అన్న సూక్ష్మాన్ని కవి ఇక్కడ బయటపెట్టాడు. పదవిలో ఉన్నంతకాలం ఫైలు మీద సంతకం చేసినా ఫలితం కనిపించేది ఏళ్ల తరువాత. ఇక్కడ డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్ల సందు సరిచేస్తే ఫలితం వెంటనే వినిపిస్తుంది. పాయింట్లు అనగా ప్లగ్గుకు నిప్పు అందే క్షణాన్ని నిర్ణయించే రెండు చిన్న లోహపు మొనలు. అంబాసిడర్‌లో అవి పూర్తిగా విడివడినప్పుడు వాటి మధ్య అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే 0.38 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఫీలర్ గేజ్ అనే పలుచని ఉక్కురేకును ఆ సందులో దూర్చి, జారీజారకుండా తగిలేటట్టు మర బిగించాలి. బిగించేటప్పుడు సందు కదులుతుంది, మళ్లీ వదులు చేయాలి. కళ్లద్దాలు ముక్కు చివరికి జారుతాయి, దగ్గరి చూపు అద్దంలోంచి చూడాలంటే మెడ వెనక్కి వంచాలి, వంచితే నడుము పట్టేస్తుంది. అయినా సందు కుదిరి, తాళం తిప్పగానే ఇంజన్ నిలకడగా మోగినప్పుడు నడుము సంగతి గుర్తుండదు.

పాఠాంతరాలు

ప్రతులలో కనిపించే మార్పులను పాఠాంతరాలనీ, తరువాతివారు చొప్పించిన వాటిని ప్రక్షిప్తాలనీ అంటారు. పాతకార్లలో ఇవి విస్తారం. డీజిల్ చౌకగా దొరికిన కాలంలో చాలామంది పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్‌ది ఎక్కించారు. ఆ మార్పు ఆర్‌సీలో నమోదు కాకపోతే అది ప్రక్షిప్తం మాత్రమే కాదు, చట్టవిరుద్ధం కూడా. డైనమో స్థానంలో ఆల్టర్నేటరు బిగించడం మాత్రం పండితులు సహించే పాఠాంతరం, ఎందుకంటే రాత్రివేళ లైట్లు వెలగాలి గదా. మూలంలో లేనిది చేర్చనని మల్లినాథుడిలా ప్రతిన పూనినవారు బోల్టు సైజు కూడా మార్చరు. రోజూ నడుపుకోదలచినవారు బ్రేకుల విషయంలోనైనా కొంత పట్టు సడలించడం క్షేమం.

పూర్వపక్షం, సిద్ధాంతం

పూర్వపక్షం అనగా ఎదుటివాడి వాదం. అంత శ్రమ ఎందుకు, ఎవరో బాగుచేసి పెట్టిన బండినే కొనుక్కోవచ్చు గదా అని కొందరంటారు. లెక్క ప్రకారం అది నిజమే, సగంలో ఆపేసిన పనిని పూర్తి చేయడం కంటే పూర్తయినదాన్ని కొనడం చౌక. అయితే నాయకుడు కోరినది ప్రయాణం కాదు. ప్రయాణానికి అతని ఇంట్లో వేరే కారుంది. పొద్దున్నే లేచి వెళ్లవలసిన పని ఒకటి కావాలి, అది చేతికి ఎదురుతిరగాలి, చివరికి లొంగాలి. కనుక బానిస అన్న మాట పైకి నింద, లోపల మెచ్చుకోలు. ఇలా నిందగా కనిపిస్తూ స్తుతిగా పరిణమించేది వ్యాజస్తుతి అనే అలంకారం.

అయితే సిద్ధాంతానికి ఒక హద్దు ఉంది. ఎంపిక ఆశకు తగ్గట్టు కాక ఒంటికి తగ్గట్టు ఉండాలి. బండి కింద వెల్లకిలా పడుకుని లేవలేనివారు తరచూ కింద దూరి గ్రీజు కొట్టవలసిన అంబాసిడర్‌కు మెకానిక్ సాయం కుదుర్చుకోవాలి, లేదా తేలికైన మారుతి 800ను చూసుకోవాలి. జాకీని మాత్రమే నమ్మి బండి కింద దూరడం ఏ వయసులోనూ తగదు, స్టాండ్లు పెట్టి తీరాలి.

తాత్పర్యం

పాత కారు కొంటే లోకం నవ్వుతుంది. పని కొంచెమేనని నమ్మి తెచ్చినవాడు, ఉద్యోగం ముగిశాక దొరికిన తీరికనంతా దానికే ధారపోస్తాడు. డబ్బు తరుగుతుంది, వెతుకులాట పెరుగుతుంది, అయినా అతడు దానిని వదలడు, ఎందుకంటే ఆ పనే అతనికి కావలసింది.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినవారు ముందు కాగితాలు, ఆపైన అడుగురేకు, ఆ తరువాతే ఇంజన్ చూస్తారు. అమ్మేవాడు చెప్పిన ఖర్చుకు రెట్టింపు పక్కన పెట్టుకుని బేరానికి దిగుతారు. మొదటి బండి రోడ్డెక్కే దాకా రెండవ బండికి బయానా ఇవ్వరు.