ఖాళీలున్నయా అన్నా?

నర్సంపేటలో ఏ చాయ్ హోటల్‌కు పోయినా ఇదే వరస. డిగ్రీలు, బీటెక్కులు చదివిన పిల్లగాళ్లు నలుగురు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, తలలు మాత్రం నాలుగు ఫోన్లలో ఉంటాయి. ఏం చేస్తున్నరు బిడ్డా అంటే, "నెట్‌వర్కింగ్ తాతా, జాబ్ కోసం" అంటారు. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లగాడు పక్క బల్ల దగ్గరే చాయ్ తాగి లేచిపోతాడు. వాడిని ఒక్కడూ పలకరించడు. ఇదేం నెట్‌వర్కింగో నాకైతే అంతుబట్టదు.

మా రోజుల్లో చదువు కాగానే వరంగల్ బస్సెక్కి ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకునేవాళ్లం. సర్టిఫికెట్లు పట్టుకుని లైన్లో నిలబడితే ఒక కార్డు చేతికొచ్చేది. దాన్ని మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. మరిచిపోతే సీనియారిటీ గంగలో కలిసినట్టే. 1959 నాటి చట్టం ప్రకారం సర్కారు ఆఫీసులు, పాతికమంది, ఆపైన పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను అక్కడ తెలపాల్సి ఉండేది. సీనియారిటీ చూసి ఆఫీసువాళ్లు పేర్లు పంపితే మాకు పిలుపొచ్చేది. 1983లో ఎన్టీఆర్ రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు, ఖాళీలు పడతాయని మా కార్డుల మీద మాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ఇంటికి పోయిన పెద్దసార్లు తిట్టుకుంటుంటే మేం లోలోపల సంబరపడ్డాం.

చివరికి 1996లో, కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు పంపిన పేర్లు మాత్రమే చూస్తే చాలదు, పేపర్లలో కూడా ప్రకటించి, అర్జీ పెట్టిన అందరినీ పరిశీలించాలంది. మంచి తీర్పే. అప్పటికి మాలో చాలామందికి ఏజ్ బార్ అయిపోయింది.

కార్డు ఒక్కదాన్నే నమ్ముకుంటే నడవదని మాకు తెలుసు. అందుకే నోరు వాడేవాళ్లం. హనుమకొండలో కొలువు చేసే ఆయన శనివారం సాయంత్రం బస్సు దిగితే చేతిసంచి మేమే అందుకునేవాళ్లం. "అన్నా, మీ ఆఫీసుల ఖాళీలున్నయా? పరీక్షల ఏమడుగుతరు?" ఇంటిదాకా ఇవే ప్రశ్నలు. పైరవీలు లేవని అనను. మంత్రిగారి బామ్మర్ది తెలుసంటూ డబ్బులు గుంజి మాయమైన దళారులూ ఉన్నారు. ఇప్పుడు వాట్సాప్‌లో దొంగ ఆఫర్ లెటర్లు పంపేవాడు వాళ్ల మనవడే అయి ఉంటాడు. నిజంగా కొలువిచ్చేవాడు ముందు డబ్బు అడగడు. ఆ మాట అప్పటికీ ఇప్పటికీ ఒకటే.

ఎంబీఏ చదివే మా మనవరాలు మొన్న ఒక సంగతి చదివి వినిపించింది. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా పండితుడు 1973లో ఒక వ్యాసం రాశాడట. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ తెలిసిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగాడు. తరచూ అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో ఏడాదికోసారి అన్నవాళ్లు 27.8 శాతం. మన జిగ్రీ దోస్తుకు తెలిసిన వార్త మనకూ తెలిసిందే కదా! కొత్త వార్త తెచ్చేది వేరే చోట తిరిగే మనిషి. శనివారం బస్సు కోసం మేం ఎందుకు కాచుకున్నామో ఆ పండితుడికి అర్థమైంది, మా ఊరి పిల్లలకే కాలేదు.

ఇప్పటివాళ్లు ముక్కూమొహం తెలియనివాడికి "హాయ్ సర్, ఎనీ జాబ్?" అని పంపి, జవాబు రాలేదని అలుగుతారు. ఎట్లా వస్తుంది? కొలువు ఇప్పించమంటే ఎంత మంచివాడైనా తప్పుకుంటాడు, అది ఆయన చేతిలో లేదు గనుక. "మీ పని ఎట్లుంటది సార్, నేనేం నేర్చుకోవాలె?" అని అడిగి చూడండి, కూర్చోబెట్టి చెబుతాడు. చెప్పింది నేర్చుకుని, నెల తర్వాత ఆ మాట ఆయనకు చేరవేస్తే, ఖాళీ పడ్డనాడు మీ పేరే గుర్తొస్తుంది. పైగా మా రోజుల్లో మాట సాయం చేసినాయనకు మనమే నాటుకోడి ఇచ్చుకునేవాళ్లం. ఇప్పుడు మంచి మనిషిని చూపించినందుకు చాలా కంపెనీలు తమ ఉద్యోగికే ఎదురు డబ్బులిస్తున్నాయి! ఇంత సుఖం మాకెక్కడిది?

ఇంటర్వ్యూ సంగతి సరేసరి. మాకు మా సారు కుర్చీలో కూర్చుని, తలుపు తోసుకుని లోపలికి రావడం దగ్గర్నుంచి నేర్పాడు. బోర్డు వాళ్లు "నర్సంపేటా? పాకాల చెరువు ఎవరు కట్టించారు?" అంటే గణపతిదేవుడని చెప్పాలి, దాని కింద ఏం పండుతుందో కూడా చెప్పాలి. 2022లో తెలంగాణ సర్కారు గ్రూప్-1, గ్రూప్-2లకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. మార్కుల మీద అనుమానాలు తగ్గాయి, సంతోషమే. కానీ ప్రైవేటులో ఎత్తేయలేదే! అక్కడ "మీ గురించి చెప్పండి" అంటే వీడియోలో బట్టీపట్టిన నాలుగు ఇంగ్లిష్ ముక్కలు అప్పజెబుతారు. "ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటి?" అంటే నోరు పెగలదు. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదాయె!

మా వాడకట్టులో ఒక పిల్లగాడున్నాడు. వాళ్ల నాయన మక్కలు యార్డుకు తీసుకెళ్తే తేమ 14 శాతం దాటిందని ధర తెగ్గోయబోయారు. వీడు మీటరుతో మళ్లీ కొలిపించి, ఆరిన బస్తాలు వేరు చేయించి, వాటికి పూర్తి ధర కట్టించాడు. చిక్కు ఏమిటి, తాను ఏం చేశాడు, ఫలితం ఏమొచ్చింది, మూడూ ఉన్నాయి అందులో. ఇంటర్వ్యూలో ఇంతకన్నా ఏం కావాలి? ఆ ముచ్చట చెప్పురా అంటే, "అది ప్రొఫైల్‌ల ఏ కాలమ్‌ల పెట్టాలె తాతా?" అని నన్నే అడుగుతాడు.